కడబంతి

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అంటారు. ఈ సామెత కట్టినవాడు మగవాడే అయివుంటాడని నా గట్టి అనుమానం. ఎంచేతంటే మన సంగతి వేరు. వడ్డించేదీ మనమే, కడబంతిలో కూర్చునేదీ మనమే. గరిటె మన చేతిలోనే వుంటుంది. అయినా మన విస్తట్లోకి వచ్చేసరికి గారెలు చల్లారిపోయి, అప్పడాలు ముక్కలై, పులిహోరలో మిరపకాయలు మాత్రం మిగులుతాయి. ఇప్పుడు బఫేలొచ్చాయి గదా, ఆడా మగా ఒకేసారి పళ్ళేలు పట్టుకు నిలబడుతున్నారు గదా అంటారేమో. ఫంక్షను హాల్లో నిజమే. సంక్రాంతినాడు ఇంట్లో చూడండి.

అయితే ఒక్కమాట ఒప్పుకోవాలి. అడుగున మిగిలింది ఒక్కోసారి అన్నిటికన్నా రుచిగా వుంటుంది. పులుసు అడుగున ఊరిన ముక్క, గోంగూర జాడీ అడుగున నూనెలో నానిన మెంతులు, పాలగిన్నె అడుగున గోకితే వచ్చే గోకుడు. మొదటి బంతివాళ్ళకి ఆ రుచి తెలియనే తెలియదు. సరే, అడుగున రుచి వుంది గనక వడ్డన వరసలో తప్పు లేదనుకోవాలా? ఎవరికీ అక్కర్లేక మనదాకా వచ్చిన వాటాని న్యాయమనాలా, అదృష్టమనాలా?

ఈ ప్రశ్న నాకు వంటింట్లో తట్టలేదు సుమండీ. ఇంకో బంతి దగ్గర తట్టింది. కాలితో తన్నే బంతి.

మా ఎదురింటి అక్కయ్యగారు కూతురి పురిటికని అమెరికా వెళ్ళి ఆరునెలలుండి పొన్నూరు తిరిగొచ్చారు. చలి గురించీ, అక్కడి పాల గురించీ చెప్పడం రెండురోజుల్లో అయిపోయింది. మూడోరోజు నుంచీ పెద్ద మనవరాలి ఆట గురించే. శనివారం వస్తే చాలు, మడత కుర్చీలూ మంచినీళ్ళ సీసాలూ కారులో వేసుకుని అందరూ మైదానానికి వెళ్ళేవారట. తొమ్మిదేళ్ళ పిల్ల మోకాళ్ళదాకా మేజోళ్ళు తొడుక్కుని, జుట్టు బిగించి కట్టుకుని, బంతి వెనక పరుగెత్తుతుంటే ఈవిడ శాలువా కప్పుకుని కూర్చుని చూసేవారట.

"ఎటు చూసినా ఆడపిల్లలేనమ్మా! మగపిల్లలూ ఆడతార్లే. కానీ ఆ దేశపు మగవాళ్ళ అసలు ఆట వేరేట. తలకి డిప్పలు తగిలించుకుని, బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తుతారు. చేత్తో ఆడేదానికి ఫుట్‌బాలని పేరుట, కాలితో ఆడేదానికి సాకరని పేరుట. అది సరేగానీ, ఇంతమంది ఆడపిల్లలకి ఈ ఆట ఎందుకిచ్చారంటావ్?"

ఆడపిల్లలు ఎందుకు ఆడుతున్నారని అడగలేదావిడ. ఎందుకిచ్చారు అన్నారు. ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. చేతికందిన పుస్తకాలూ పాత పత్రికలూ తిరగేశాను.

అమెరికాలో ఈ ఆట ఆది నుంచీ పరాయివాళ్ళ ఆటే. దీన్ని అక్కడ పాతుకునేలా చేసింది మనకి బాగా తెలిసిన సరుకు, నూలు. స్కాట్లండు నుంచి వచ్చిన క్లార్క్ అనే దారం కంపెనీ న్యూజెర్సీలో ఫ్యాక్టరీ పెట్టింది. అందులో పనిచేసేవాళ్ళు 1883లో ఒక జట్టు కట్టి, 1885లో అమెరికన్ కప్పు గెలిచారు. మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ అని ఇంకో ఊరుంది. ఊరంతా పత్తి మిల్లులే. 1920లలో ఆ ఊరి జట్టు దేశంలో గొప్ప జట్లలో ఒకటి. గుంటూరు పత్తిని చూసిన కళ్ళకి ఆ ఊరు ఎలా వుండి వుంటుందో ఊహించడం కష్టం కాదు. గాలిలో ఎగిరే దూదిపింజ, సాయంత్రం సైరను, ఆ తరవాత మైదానం. మిల్లు కూలీలు, వలస వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు సరిగా రాని వాళ్ళు ఆడుకునే ఆట అది. అసలు సిసలు అమెరికను మగవాడు బేస్‌బాలు ఆడాలి. 1894లో బేస్‌బాలు యజమానులే చలికాలంలో మైదానాలు ఖాళీగా వుంటాయని ఒక సాకర్ లీగు పెట్టారు. పెట్టిన ఏడాదే మూసేశారు. ఖాళీ టైములో అద్దెకిచ్చిన వసారాలాంటిదన్నమాట.

అలాగని చేతకాని ఆట కాదు. 1930లో మొట్టమొదటి ప్రపంచ కప్పు ఉరుగ్వేలో జరిగితే అమెరికా సెమీఫైనలు దాకా వెళ్ళింది. 1950 జూన్ 29న బ్రెజిల్‌లోని బెలో హొరిజాంతె అనే ఊళ్ళో ఏకంగా ఇంగ్లండునే 1-0తో ఓడించింది. ఆ గోలు కొట్టిన జో గేట్జెన్స్ హైతీ దేశపు కుర్రాడు, అప్పటికి అమెరికా పౌరుడు కూడా కాదు. న్యూయార్కులో చదువుకుంటూ ఒక హోటల్లో గిన్నెలు కడిగేవాడు. ప్రపంచం ముక్కున వేలేసుకుంది, అమెరికా మాత్రం పట్టించుకోలేదు. గేట్జెన్స్ తరవాత స్వదేశం తిరిగి వెళ్ళిపోయాడు. 1964లో అక్కడి నియంత మనుషులు పట్టుకుపోయారు, మళ్ళీ ఎవరికీ కనపడలేదు. 1950 తరవాత 1990 దాకా, నలభై ఏళ్ళు, అమెరికా మగ జట్టు ప్రపంచ కప్పు గడప తొక్కలేదు. 1975లో న్యూయార్కు కాస్మోస్ వాళ్ళు పీలేని తెచ్చి ఆడించారు, జనం తిరనాళ్ళకొచ్చినట్టు వచ్చారు. ఆయన వెళ్ళాక తిరనాళ్ళూ పోయింది. 1984తో ఆ లీగు ఆటలూ అయిపోయాయి.

మొత్తానికి అది గిన్నె అడుగున మిగిలిన ఆట. మొదటి బంతివాళ్ళు వద్దని చెయ్యి అడ్డం పెట్టిన ఆట.

ఇప్పుడు ఇదే ఆట మగవాళ్ళకి ప్రాణమైన దేశాల్లో ఏం జరిగిందో చూడండి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండులో మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో పనికి కుదిరారు. డిక్ కెర్ అనే ఫ్యాక్టరీ అమ్మాయిలు జట్టు కట్టారు. 1920 క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్‌లో వాళ్ళ ఆట చూడ్డానికి 53,000 మంది వచ్చారు. సరిగ్గా ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాలు సంఘం మా మైదానాల్లో ఆడవాళ్ళు ఆడడానికి వీల్లేదంది. ఈ ఆట ఆడవాళ్ళ ఒంటికి సరిపడదన్నారు. ఫ్యాక్టరీలో గుండ్లు తయారుచెయ్యడం మాత్రం సరిపడిందన్నమాట! ఆ నిషేధం యాభై ఏళ్ళు నడిచింది. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా చట్టం పెట్టే ఆపారు. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా. ఇష్టమైన వంటకం వున్న గిన్నెమీద మూత గట్టిగా పెట్టారు. అమెరికాలో ఆ మూత పెట్టలేదు. ఉదారత వల్ల కాదు, ఆ గిన్నెలో ఏముందో ఎవరూ చూడలేదు గనక.

అయితే మూత లేకపోయినంత మాత్రాన వడ్డన జరుగుతుందా? 1971లో అమెరికా హైస్కూళ్ళలో సాకర్ ఆడే ఆడపిల్లలు 700 మంది. అంత పెద్ద దేశంలో! ఆ తరవాతి ఏడు, 1972 జూన్ 23న, ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ చదువుల సంస్థలోనూ ఆడా మగా తేడా చూపకూడదని దాని సారాంశం. చట్టంలో ఆ మాటలన్నీ కలిపితే 37. అందులో ఆట అనే మాట లేనే లేదు. దానికోసం పాటుపడ్డవాళ్ళలో పాట్సీ మింక్ అని హవాయి నుంచి వచ్చిన సభ్యురాలు ఒకావిడ. ఆవిడ డాక్టరు కావాలనుకుంటే, ఆడదానివి కాబట్టి సీటివ్వమని వైద్య కళాశాలలు తిప్పి పంపాయి. అంచేత లాయరైంది. సీటివ్వని ఆ పెద్దమనుషులు తమకి తెలియకుండా ఎంతమంది అమ్మాయిల కాళ్ళకి బూట్లు తొడిగారో!

చట్టం వచ్చాక బళ్ళకి చిక్కొచ్చిపడింది. డిప్పల ఆటలో మగపిల్లలు డజన్లకొద్దీ వుంటారు. దానికి సాటిగా ఆడపిల్లలకి చోటు చూపించాలి. ఎక్కువమంది ఆడేది, తక్కువ ఖర్చయ్యేది ఏముందా అని చూస్తే, ఎవరూ పట్టించుకోని సాకర్ కనపడింది. ఒక బంతి, ఒక పచ్చిక బయలు, పదకొండుమంది పిల్లలు. ఆ 700 మంది ఇప్పటికి మూడున్నర లక్షలు దాటారు. ఆట నేర్పే తండ్రులకే ఆట రాదు. కూతుళ్ళతోపాటు తామూ నేర్చుకున్నారు.

1985లో మొదటిసారి ఆడవాళ్ళ జాతీయ జట్టు కట్టి ఇటలీ పంపారు. మగవాళ్ళ కొలతల బట్టలిచ్చి పంపితే, ప్రయాణం ముందు కత్తిరించి కుట్టుకోవలసి వచ్చింది. అన్నయ్య చొక్కా తమ్ముడికి, తమ్ముడికి పొట్టైతే చెల్లెలికి. ఈ సంప్రదాయం మన దగ్గరే వుందనుకున్నాను ఇన్నాళ్ళూ! 1991లో చైనాలో ఆడవాళ్ళకి మొదటి ప్రపంచ పోటీ పెట్టారు. ప్రపంచ కప్పు అనే పేరు వీళ్ళకివ్వడానికి మనసొప్పక ఒక చాక్లెట్ల కంపెనీ పేరుతో నడిపించారు. మగవాళ్ళకి 90 నిమిషాల ఆటైతే వీళ్ళకి 80 నిమిషాలే. మిగతా పది నిమిషాలూ ఎక్కడ సొమ్మసిల్లిపోతారో అని కాబోలు. అమెరికా అమ్మాయిలు ఆ కప్పు గెలిచారు. 1999 జూలై 10న పాసడేనాలో చైనాతో ఫైనలు ఆడి మళ్ళీ గెలిచిననాడు మైదానంలో 90,185 మంది వున్నారు. ఆ తరవాత 2015లో, 2019లో కూడా గెలిచారు. మగ జట్టు 1930లో ఎక్కిన మెట్టు మళ్ళీ ఎక్కలేదు.

ఇదంతా చెప్తే మా అక్కయ్యగారు సంబరపడి, "చూశావా, అడుగున దొరికిందే అమృతమైంది. ఇంకేం కావాలి? ఎందుకిచ్చారో తవ్వుకుంటూ కూర్చోకు. మంచి జరిగింది కదా" అన్నారు.

నాకు ఆ మాట సగమే మింగుడు పడింది. ఎందుకంటే అడుగున మిగిలినవన్నీ అమృతమైపోవు. మనకి దగ్గర్లోనే ఒకటుంది, హైదరాబాదు.

ఫుట్‌బాల్‌లో హైదరాబాదు ఒకప్పుడు దేశానికి మొదటి బంతి. సయ్యద్ అబ్దుల్ రహీం అని బడిపంతులు, 1909లో పుట్టారు. పిల్లలకి పాఠాలు చెప్పుకునే ఆయన 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి ఆట నేర్పారు. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కుడికాలి వాటం వాళ్ళు ఎడమకాలితోనే తన్నాలని, బంతిని ఒక్కడే అట్టేపెట్టుకోకుండా వెంటనే ఇంకొకరికి అందించాలని ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారట. పంతులు పంతులే! ఆయన తయారుచేసిన భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అందులో హైదరాబాదు కుర్రాళ్ళు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. జకార్తాలో ఆడిననాటికే రహీంగారు ఊపిరితిత్తుల కేన్సరుతో వున్నారు. 1963 జూన్‌లో పోయారు. ఆ ఏడాదే బలరాం కూడా ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు, ముప్ఫై ఏళ్ళు కూడా నిండకుండా. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయినప్పుడు మన పత్రికల్లో ఏ మూలనో వేశారు. నేనూ అప్పుడే ఆ పేరు సరిగ్గా చదివాను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆపైన చెప్పుకోవడానికి పెద్దగా లేదు. మైదానాలు మేడలయ్యాయి, ఆటగాళ్ళకిచ్చే ఉద్యోగాలు తగ్గాయి, క్రికెట్ వచ్చి పీట వేసుకు కూర్చుంది. మధ్యలో ఒక మెరుపు. 2022లో హైదరాబాదు పేరుతో వున్న జట్టు దేశపు పెద్ద లీగు గెలిచింది. 2025లో డబ్బు చాలక ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయింది.

అంటే మొదటి బంతివాళ్ళు తిని లేచిపోయారు. గిన్నెలో ఇంకా వుంది. మరి హైదరాబాదులోనో, మా గుంటూరు జిల్లాలోనో, ఆ మిగిలిన ఆట ఆడపిల్లల చేతికి ఎందుకు రాలేదు? అమెరికాలో వచ్చిందిగా!

ఓపిక లేక కాదు. 1975లోనే మన దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాలుకని ఒక సంఘం పుట్టింది, మగవాళ్ళ సంఘం పట్టించుకోలేదు గనక వేరుకుంపటిగా. ఆ వేరుకుంపటి మీదే వండుకుని మన అమ్మాయిలు 1980లో కాలికట్‌లోనూ, 1983లో బాంకాక్‌లోనూ ఆసియా పోటీల్లో రెండోస్థానం తెచ్చుకున్నారు. ఆ సంగతి మీలో ఎంతమందికి తెలుసు? పెద్ద సంఘం వాళ్ళని తనలో కలుపుకున్నది 1990లలో. మనకి మిగులు వుంది, ఆడేవాళ్ళున్నారు, ఇవ్వక తప్పదనే కాగితం లేదు. అదీ తేడా.

మనం చిన్నప్పుడు ఆడిన ఆటలు ఒకసారి తలుచుకోండి. తొక్కుడుబిళ్ళ, వామనగుంటలు, అచ్చనగాయలు, చెమ్మచెక్క, అష్టాచెమ్మా. అన్నీ అరుగుమీద పట్టే ఆటలే. మహా అయితే వాకిలి. చెడుగుడు కూత మాత్రం వీధి చివరనుంచి వినపడేది, అది అన్నయ్యలది. ఆడపిల్ల ఆటకి ఎంత చోటు కావాలో ఎవరూ కొలిచి నిర్ణయించలేదు, అందరికీ ముందే తెలుసు. పెద్దమనిషయ్యాక ఆ అరుగూ లేదు. అయితే ఈమధ్య కొన్ని చోట్ల మార్పు కనిపిస్తోంది. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టువాళ్ళు పల్లెటూరి ఆడపిల్లలకి ఫుట్‌బాలు నేర్పుతున్నారు. నిజామాబాదు వేపు తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడింది, క్రొయేషియా దేశం వెళ్ళి అక్కడి క్లబ్బుకీ ఆడింది. ఆ పిల్ల ఫొటో చూసినప్పుడల్లా నాకు ముందు కనపడేది ముఖం కాదు, ఆమె వెనకాల వున్న మైదానం. అంత చోటు!

కాగితం అన్నాను గదా. మా పెద్దత్తయ్య కథ చెప్పక తప్పదు. ఆవిడ పెళ్ళిలో పసుపుకుంకుమల కింద పుట్టింటివారు రెండెకరాలిచ్చారు. మా వేపు పొలమంటే మాగాణి, వరి కోసి మినుములు చల్లే బంగారంలాంటి నేల. అది అన్నదమ్ములకి పోయింది. ఆవిడకిచ్చింది బాపట్ల దిగువన, సముద్రం వేపు, గడ్డి కూడా సరిగా మొలవని చవుడు. ఇచ్చినవాళ్ళూ నవ్వారు, పుచ్చుకున్నవాళ్ళూ నవ్వారు. ముప్ఫై ఏళ్ళయ్యాక ఆ ప్రాంతమంతా రొయ్యల చెరువులొచ్చాయి. చవుడు నేలకి కౌలు ఎగిరిపోయింది. అన్నదమ్ములు ఒక ఆదివారం అరటిపళ్ళు పట్టుకుని వచ్చారు. "ఏదో నోటిమాటగా ఇచ్చాం గానీ, అది ఉమ్మడిదే కదమ్మా" అన్నారు. అత్తయ్య ఏమీ అనలేదు. కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా వెనకనుంచి దస్తావేజు తెచ్చి బల్లమీద పెట్టింది. పెళ్ళిరోజుల్లోనే మామగారు పట్టుపట్టి రిజిస్ట్రీ చేయించారట. ఆ కాగితం లేకపోతే ఆవిడ అదృష్టం అరటిపళ్ళతో సరి.

మన రాష్ట్రంలో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా అని చట్టం వచ్చింది 1986లో, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలని. దేశం మొత్తానికి ఆ న్యాయం రావడానికి 2005 దాకా పట్టింది. మనమే ముందు! కానీ మన చట్టం అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించలేదు. అత్తయ్యకి మాగాణిలో వాటా దాటిపోయింది. చవుడు మాత్రం నిలిచింది.

అమెరికా అమ్మాయిలకీ అరటిపళ్ళ ఆదివారం వచ్చింది. ఆట అడుగున వున్నంతకాలం ఎవరూ లెక్క అడగలేదు. కప్పులు గెలిచి, డబ్బు రావడం మొదలయ్యాక లెక్కలొచ్చాయి. 2019 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, 28 మంది ఆటగత్తెలు సమాన వేతనం కోసం తమ సంఘం మీదే దావా వేశారు. సంఘం లాయర్లు 2020లో కోర్టుకిచ్చిన కాగితాల్లో, మగవాళ్ళ ఆటకి ఎక్కువ నైపుణ్యమూ బాధ్యతా కావాలని రాశారు. నాలుగుసార్లు ప్రపంచం గెలిచినవాళ్ళ గురించి! జనం మండిపడ్డారు, సంఘాధ్యక్షుడు రాజీనామా చేసి వెళ్ళాడు. 2022 ఫిబ్రవరిలో 2 కోట్ల 40 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఇకమీదట ఇద్దరికీ సమానమని ఒప్పందాలు రాసుకున్నారు.

ఇక్కడ నన్ను నిద్రపట్టనివ్వని ముల్లు ఒకటుంది. ఆ 1972 చట్టం సాకర్ ఒక్కదానికే కాదు, అన్ని ఆటలకీ వర్తించింది. మరి మగవాళ్ళు ప్రాణంగా చూసుకునే బేస్‌బాలు ఆడపిల్లలకి వచ్చిందా? చాలాచోట్ల రాలేదు. దాని బదులు సాఫ్ట్‌బాలని వేరే ఆట ఇచ్చారు, బంతి వేరు, మైదానం చిన్నది. డిప్పల ఆటైతే సరేసరి. అంటే చట్టం వుండీ మొదటి బంతి పళ్ళెం కదల్లేదు. కడబంతి పళ్ళెమే నిండింది. మిగులుంటే సరిపోదు, హైదరాబాదు సాక్షి. కాగితం వుంటే సరిపోదు, బేస్‌బాలు సాక్షి. రెండూ కలిసినచోటే అమ్మాయిలు గెలిచారు. న్యాయం కూడా ఎవరికీ అక్కర్లేని నేలమీదే ముందు మొలుస్తుందా? నాకైతే అది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అత్తయ్యకి రొయ్యలు కలిసొచ్చాయి నిజమే. మాగాణిలో ఆవిడకి వాటా ఇవ్వకపోవడం అంతమాత్రాన ఒప్పయిపోదు. చవుడు పండకపోయి వుంటే? అప్పుడు ఆవిడ పక్షాన మాట్లాడ్డానికి కథ కూడా వుండేది కాదు. గెలిచిన అమ్మాయిల పేర్లు మనకి తెలుసు. ఏ పోటీలోనూ గెలవని, కేవలం శనివారంపూట పరుగెత్తాలనుకునే తొమ్మిదేళ్ళ పిల్లకి కూడా ఆ మైదానం రావాలి గదా, రొయ్యలు పండినా పండకపోయినా.

అక్కయ్యగారు ఇదంతా విని, "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావ్. ఇప్పుడు సమానమైపోయిందన్నావుగా, ఇంకేమిటి?" అన్నారు.

సమానం ఎలాంటిదో లెక్క చెప్పాను. ప్రపంచ కప్పుల బహుమతి సొమ్ము ఆడ జట్టుది, మగ జట్టుది ఒకచోట కలిపి చెరిసగం పంచుకోవాలన్నది వాళ్ళ ఒప్పందం. 2022లో కతార్‌లో మగ జట్టు పదహారు జట్ల అంచెలోనే ఓడి ఇంటికొచ్చింది. దానికి ప్రపంచ సంస్థ ఇచ్చింది కోటీ 30 లక్షల డాలర్లు. అమ్మాయిలు 2015లో కప్పు గెలిస్తే వచ్చింది 20 లక్షలు, 2019లో మళ్ళీ గెలిస్తే 40 లక్షలు. ఆవిడ వేళ్ళమీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.

"అయితే వీళ్ళు గెలిచి తెచ్చుకున్నదానికన్నా, వాళ్ళు ఓడి తెచ్చినదాంట్లో సగమే ఎక్కువన్నమాట!"

"దాదాపు అంతే. సంఘం తన వంతు తీసుకున్నాక కూడా ఇంచుమించు సమానం."

"మంచిదే కదా మరి."

"మంచిదే. కానీ ఆ ప్రపంచ సంస్థ కతార్‌లో మగవాళ్ళందరికీ కలిపి పంచింది 44 కోట్ల డాలర్లు, ఆ తరవాతి ఏడు ఆడవాళ్ళ కప్పుకి 11 కోట్లు."

అక్కయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి, మనవరాలికి ఫోను చేసే వేళయిందన్నారు. అక్కడ శనివారం తెల్లవారుతోందిట. వానొస్తే ఆట వుంటుందా వుండదా అని ఆవిడకి అదే బెంగ.